ఇరవైమూడో వారం

తెర మీద జమీందారుగారు వెనక్కి తిరుగుతారు. ఆయన వీపు మీద గుత్తివంకాయ కూర చేసే విధానం అచ్చయి ఉంటుంది. హాల్లో ఎవరూ నవ్వరు. ఈ సినిమాను మా శేషారత్నం అత్త కుట్టిన పుస్తకం చూసి తీశారు మరి.

నలభై ఏళ్ళ క్రితం వారపత్రికలో వచ్చిన సీరియల్ అది. అత్త వారం వారం ఆ పేజీలు చింపి దాచి, చివరికి దబ్బనంతో, పురికొసతో కుట్టి, పాత క్యాలెండరు కాగితంతో అట్ట వేసింది. సీరియల్ పేజీల వెనక ఏముంటే అది కూడా పుస్తకంలోకి వచ్చేసింది. అందుకే దివానుగారి వీపు మీద వారఫలాలు, పురోహితుడి వీపు మీద పళ్ళపొడి ప్రకటన. నగలూ పల్లకీలూ మాత్రం ఆ కాలంవే, వంక పెట్టడానికి లేదు.

అత్తకి డెబ్బై ఎనిమిది. నా పక్క సీట్లో బాసింపట్టు వేసుకుని కూర్చుంది. ఆమె వచ్చింది ఒక్కదాని కోసమే. పుస్తకంలో ఇరవైమూడో వారం లేదు. ఇరవైరెండో వారంలో కథానాయిక వకుళను దివాణంలో పెట్టి తాళం వేస్తారు. ఇరవైనాలుగో వారానికి ఆమె నడి గోదావరిలో పడవ మీద ఉంటుంది. ఆ రెంటి మధ్య సంచికను పక్కింటి మాణిక్యాంబగారు చదవడానికి పట్టుకెళ్ళారు. తిరిగి ఇవ్వలేదని అత్త, ఇచ్చేశానని ఆవిడ. అప్పట్నుంచీ ఇద్దరికీ మాటల్లేవు. ఇవాళ ఆవిడ సరిగ్గా మా వెనక వరుసలో ఉన్నారు.

“ఆ పిల్ల ఎలా బయటపడిందో తెలీకుండా పోతే నా ప్రాణం కొట్టుకుంటుందే,” అంటుంది అత్త. ‘పోతే’ అనే మాట ఆమె ఈమధ్య ఎక్కువగా వాడుతోంది. నాకు భయంగా ఉంటుంది.

వకుళను గదిలోకి నెట్టి తలుపు వేస్తారు. తాళం పడుతుంది. తెర తెల్లబడుతుంది.

నేను ఆపరేటర్ గది కిటికీ దగ్గరికి వెళ్ళి నిలదీస్తాను.

“మీ పుస్తకంలో లేదు కదండీ,” అంటాడతను. “నవలకి న్యాయం చెయ్యాలని సొంతంగా ఒక్క ముక్క కలపలేదండి.”

“తెల్ల తెర ఎంతసేపు?”

“వారమేనండి.”

జనం ఇళ్ళ నుంచి క్యారేజీలు తెప్పించుకుంటారు. తెల్ల తెర వెనక నుంచి ఠక్ ఠక్ మని చప్పుడు వస్తూ ఉంటుంది. నాలుగో రోజుకి ఆ చప్పుడు నీరసపడుతుంది. అత్త ఇక ఆగలేకపోతుంది.

“నేను కుట్టిన పుస్తకం. నేనే తీస్తాను తలుపు.”

లేచి, కొంగు ముందుకి లాగి నడుముకి బిగిస్తుంది. ఆమె రవిక వీపు మీద రెండు కాలమ్‌లలో సన్నటి అక్షరాలు బయటపడతాయి. పైన పెద్ద అక్షరాలతో ‘ఇరవైమూడో వారం’ అని ఉంటుంది.

“కదలకు శేషూ!” మాణిక్యాంబగారు కేక పెడతారు. “నీ దగ్గరే ఉంది! ఇచ్చానన్నానా లేదా?”

అత్త వెనక్కి చూసుకోవాలని గిర్రున తిరుగుతుంది. ఎవరి వీపు వారికి కనిపించదు. ఆగిపోతుంది.

“చదవవే, మాణిక్యం,” అంటుంది.

నలభై ఏళ్ళ తర్వాత ఆవిడతో అత్త ఆడిన మొదటి మాట. మాణిక్యాంబగారు కళ్ళజోడు తుడుచుకుని చదువుతారు. చదివిందల్లా తెర మీద జరుగుతుంది. వకుళ తాళం జోలికే పోదు. తలుపు రెండో అంచు దగ్గరికి వెళ్ళి, కాలి కడియంతో కొట్టి కొట్టి మడతబందుల శీలలు ఊడదీస్తుంది. తాళం తాళంగానే ఉంటుంది, తలుపు ఢామ్మని పడుతుంది!

హాలంతా లేచి ఈలలు వేస్తుంది. “నేననుకున్నాను!” అత్త ఏడుస్తూ గంతులేస్తుంది. “బందులే అయ్యుంటాయని అనుకున్నానే!” నేనూ ఏడుస్తాను. ఇంత గెలుపు మా వంశంలో ఎవరూ చూడలేదు.

తలుపు పడిన చోటు నుంచి గోదావరి హాల్లోకి వస్తుంది. ఇరవైనాలుగో వారం మొదలైందన్నమాట. పడవ ఏదా అని చూస్తే అది మా వరుసే. వకుళ చీర పిండుకుంటూ వచ్చి చివరి సీట్లో కూర్చుంటుంది.

“తెడ్లు లేవు కదమ్మా,” అంటాను.

“ఎందుకండీ? వెనక వాళ్ళు చదివితే చాలు.”

మాణిక్యాంబగారు గొంతు సవరించుకుంటారు. ఈసారి ఆవిడ చూపు నా వీపు మీద ఉంటుంది. నేను కొంగు ముందుకి లాగి నడుముకి దోపుకుంటాను. ఆవిడ మొదటి వాక్యం చదువుతారు. పడవ బారెడు ముందుకి కదులుతుంది.