పెరటాసిలో మాండరిన్ పస్తు

మేత గుళిక తేలుతూ నోటిదాకా వచ్చినా మాండరిన్ చేప దాన్ని పట్టించుకోకుండా రాయి చాటుకు వెళ్లిపోయింది. ఇసుకలో పడ్డ గుళికను భువనేశ్వరి సన్నటి గొట్టంతో పీల్చి తీసేసింది. వదిలేస్తే కుళ్లి నీళ్లు పాడవుతాయి.

"తినిందా?" మంచం మీద నుంచి మోహన్‌కృష్ణ అడిగాడు.

"కన్నెత్తి కూడా సూడలేదు."

"అది అంతే భువనా. కదిలేదాన్నే తింటాది."

హాల్లోని ఆ ఉప్పునీళ్ల అక్వేరియం అతని ప్రాణం. పెళ్లాన్ని కూడా అందులో చెయ్యి పెట్టనిచ్చేవాడు కాదు. మొన్నామధ్య కార్వేటినగరం రోడ్డులో బండి జారి కాలు విరిగింది. నుజ్జయిన బండిని చూసినవాళ్లు మనిషి బతికాడంటే నమ్మలేదు. పుత్తూరు కట్టు కట్టించుకుని తిరుపతిలో ఇంటికి వచ్చిన రోజే అతను మంచాన్ని తొట్టి ఎదురుగా వేయించుకున్నాడు. కానీ మాండరిన్ కోసం అతను సీసాల్లో పెంచే సముద్రపు పురుగులు, ఇంట్లో అందరూ అతని చుట్టూ తిరుగుతున్నప్పుడు చూసే దిక్కులేక చచ్చిపోయాయి. మిగతా చేపలు గుళికలు తిని బాగానే ఉన్నాయి. మాండరిన్ పొట్ట మాత్రం లోపలికి పోయింది.

నీలం ఒంటి మీద నారింజ గీతలున్న చేప అది. నగరిలో మగ్గం నేసిన చేతులతో అత్త వరదమ్మ అద్దం తడిమి, "ఇట్లాంటి అంచు మన మగ్గం మీద ఒక్కనాడూ పడలేదు" అని ముచ్చట పడేది.

బీరువాలో ఉప్పునీటి రొయ్యల గుడ్ల డబ్బా ఉంది. గసగసాల కన్నా సన్నటి ఎండు గుడ్లు. ఉప్పు నీళ్లలో వేసి గాలి బుడగలు పెడితే ఒకటిన్నర రోజులో ప్రాణంతో పిల్లలొస్తాయి.

"వాటిని పొదిగిద్దామా?" అంది భువనేశ్వరి.

"పెరటాసి గదా, యెంకన్నసామి నెల. కోడిగుడ్డు కూడా అమ్మ గడప దాటనీదు. నట్టింట్లో రొయ్యలంటే ఊరుకుంటాదా? వద్దులే, వదిలెయ్."

వదిలెయ్ అన్నవాడు గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఆ వీపును చూస్తూ ఆమె వదిలేయలేకపోయింది.

గురువారం సాయంత్రం మేడ మీద, నీళ్ల ట్యాంకు నీడలో, అడుగు కోసిన కూల్‌డ్రింక్ సీసాను తలకిందులుగా కట్టింది. డబ్బా మీద రాసినట్టే కల్లుప్పు కొలిచి కరిగించింది. కరెంటు పోయినప్పుడు వాడే బ్యాటరీ గాలి మోటారు తగిలించింది. శనివారం తెల్లారి చూస్తే సీసా నిండా నారింజ రంగు నలుసులు, ఒక్కొక్కటీ కుదుపు కుదుపుగా ఈదుతున్నాయి. ఆమెకు నవ్వొచ్చింది. అంతలోనే గుర్తొచ్చింది, ఆ రోజు తళిగ. అత్త తలస్నానం చేసి చక్కెరపొంగలి, చిత్రాన్నం వండి, అరిటాకులో స్వామికి వడ్డించేదాకా ఇంట్లో ఎవరూ పచ్చి మంచినీళ్లు ముట్టరు. అదయ్యాక చూద్దామనుకుని వెనక్కి తిరిగింది.

తడి చీర ఆరేయడానికి వచ్చిన వరదమ్మ ఎదురుగా నిలబడి ఉంది.

"ఏమ్మే, ఆ సీసాలో ఏముండాది? సారాయి గాని కాస్తా ఉండావా?"

అబద్ధం చెప్పడం భువనేశ్వరికి చేతకాదు. "రొయ్యపిల్లలు అత్తమ్మా. ప్రాణంతో ఉండాయి. ఆ చేప ఇంకేమీ తినడంలేదు."

వరదమ్మ కళ్లు చికిలించి చూసింది. "ఈ దుమ్మా? ఇవి రొయ్యలా? మరి నాతో ఒక మాట చెప్పకూడదా?"

"పెరటాసి గదా అని..."

"పెరటాసి నీకూ నాకూ. ఆ చేపేమన్నా నామం పెట్టుకోని గోవిందా అనిందా?" చీర దులిపి తీగ మీద వేసింది. "అందుకేనా వాడు గోడ మొగమై పండుకోనుండేది! ఇంట్లో ఒక ప్రాణి పస్తుంటే నేను తళిగ యేసినా స్వామి నోట్లో పెట్టుకుంటాడా? ముందు దానికి పెట్టు. ఆనెకే నేను ఆకు పరిచేది."

భువనేశ్వరి సీసా అందుకోబోయింది.

"ఉండు, నన్ను తాకొద్దు, మడితో ఉండా. పని కాంగానే నువ్వు మళ్లా తలకి పోసుకోవల్ల." కిందికి దిగిపోయి, భువనేశ్వరి సీసాతో హాల్లోకి రాగానే పాత సన్ననూలు గుడ్డ ఒకటి దూరం నుంచే విసిరింది. "వడగట్టేదానికి."

గాలి ఆపగానే గుడ్ల పెంకులు పైకి తేలాయి, పిల్లలు అడుగుకు చేరాయి. ఆమె అడుగునుంచే తీసి, నాలుగు మడతల గుడ్డలో వడగట్టి, తొట్టి నీళ్లతో కడిగింది. మోహన్‌కృష్ణ మోచేతి మీద లేచాడు.

"తొట్టి మోటారు ఆపు! లేకుంటే అన్నీ ఫిల్టర్‌లోకి పోతాయి. పక్కవాటికి ఆ మూల గుళికలెయ్, దీని జోలికి రాకుండా."

డ్రాపర్‌తో రాయి దగ్గర నారింజ మబ్బు వదిలింది. మాండరిన్ కదల్లేదు. దాని కళ్లు మాత్రం అటూ ఇటూ తిరిగాయి. మబ్బు పలచబడుతోంది. చేప మెల్లగా రెక్కలాడిస్తూ వచ్చి, ఒక నలుసు ముందు ఆగి, తేరిపార చూసి, చటుక్కున పీల్చుకుంది. ఇంకోటి. మరోటి.

"తినింది భువనా! సూడు సూడు, తింటా ఉండాది!"

వంటింటి గుమ్మంలో వరదమ్మ మెడ సాచింది. "తినిందా?"

"తింటా ఉండాది అత్తమ్మా. మీరు..."

"ముందు నీళ్లు పోసుకోపోమ్మే, పొంగలి చల్లారిపోతాది."

పొద్దుటి చలిలో రెండోసారి తల మీద చెంబుడు నీళ్లు కుమ్మరించుకుంటూ ఆమె ముందు అత్తకు దండం పెట్టుకుంది, తర్వాత స్వామికి. వరస తప్పానేమోనని ఒక్క క్షణం అనిపించింది. మార్చుకోలేదు.