ఇరవై మూడు రోజుల చలి

నేను ఒక థర్మామీటరును. జ్వరం చూసే రకాన్ని కాను, జానెడున్నర పొడవుంటాను. ఒక రోజులో చలి ఎంత కిందికి దిగిందో గుర్తు పెట్టుకుని మర్నాడు చెప్పడం నా పని. నాలో పాదరసం లేదు, ఎర్రరంగు కలిపిన స్పిరిట్ ఉంది. అందులో గుండుసూది ముక్కంత నల్ల పుల్ల ఒకటి తేలుతుంది. చలికి స్పిరిట్ ముడుచుకున్నప్పుడు దాని అంచు ఆ పుల్లను వెనక్కి లాక్కుపోతుంది. మళ్ళీ కాస్త వేడెక్కి స్పిరిట్ సాగినా పుల్ల మాత్రం ఆగినచోటే ఉండిపోతుంది. అదే ఆ రోజు కనిష్ఠం.

అంబాలాలో ఒక ముసలి పనివాడు బుగ్గలు పూరించి, వేడి గాజును ఊది నన్ను తయారుచేశాడు. పుణేలో పరీక్షించి, నేను పదో వంతు డిగ్రీ ఎక్కువ చెబుతానని కాగితం రాసి నాతోపాటు పెట్టెలో పెట్టారు. మనుషులు తమలో ఎవరికీ ఇలాంటి కాగితం జతచేయడం నేనింతవరకు చూడలేదు.

ఓడలో నెలరోజులు ప్రయాణించి అంటార్కిటికాలోని మన పరిశోధనా కేంద్రానికి చేరాను. కేంద్రానికి రెండు వందల అడుగుల దూరంలో, స్టాండు మీద, గాలి ఆడే చెక్క రెక్కల తెల్ల పెట్టెలో నన్ను పడుకోబెట్టారు. పక్కనే పాదరసం థర్మామీటరు నిలువుగా ఉండేది. అది ఈ క్షణం ఎంత ఉందో చెబుతుంది, నేను నిన్నటి నుంచి ఎంత తగ్గిందో చెబుతాను.

మమ్మల్ని చూసుకునేవాడు సింహాద్రి. భీమిలి వాడు, వాతావరణ శాఖలో పదకొండేళ్ళుగా పరిశీలకుడు. పొద్దున్నే, కేంద్రం నుంచి మా పెట్టె దాకా కట్టిన తాడు పట్టుకుని గాలికి ఎదురు నడిచి వచ్చేవాడు. పెట్టె తలుపు తీసి ఊపిరి బిగబట్టేవాడు, ఎందుకంటే అతని ఊపిరి తగిలితే నా గాజు మీద మంచు పేరుకుంటుంది. పుల్ల ఎక్కడుందో చదివి, నన్ను వంచి పుల్లను స్పిరిట్ అంచుకు చేర్చి, మళ్ళీ చదివేవాడు. ఈ రెండో లెక్క పక్కనున్న పాదరసంతో దాదాపు సరిపోవాలి. సరిపోతే నేను ఆరోగ్యంగా ఉన్నట్టు. రెండంకెలూ జేబులోని చిన్న పుస్తకంలో పెన్సిలుతో రాసుకుని, లోపల రిజిస్టరులోకి ఎక్కించేవాడు.

అక్కడ జూలై అంటే పగలూ చీకటిగా ఉండే చలికాలం; ఆ జూలై పదిన అతని కుడిచేతి వేళ్ళు చలికి కమిలి తెల్లబడ్డాయి. మర్నాటి నుంచి లావు గ్లౌజుతో వచ్చాడు. పుల్లను చదివేవాడు, నన్ను వంచేవాడు. రెండోసారి చదవడానికి మాత్రం ఆగేవాడు కాదు. పాదరసం చెప్పిన అంకెనే నా పేరన కూడా రాసేసి వెళ్ళిపోయేవాడు. ఎలాగూ అంతే కదా అనుకున్నాడేమో.

జూలై ఇరవై ఎనిమిదిన పుల్ల మైనస్ ముప్ఫై ఆరు పాయింట్ ఒకటి దగ్గర ఆగింది. సింహాద్రి గ్లౌజుతోనే చెక్క మీద చరిచి గట్టిగా కేకేశాడు. ఆ కేంద్రం పుట్టాక అంత చలి ఎప్పుడూ నమోదు కాలేదట.

ఐదు రోజుల తర్వాత, మధ్యాహ్నం పూట అరగంట వెలుతురు వచ్చినప్పుడు, సింహాద్రి వెంట ఇంకో మనిషి వచ్చాడు. వంటవాడు ఇమామ్ వలీ, నంద్యాల ఆయన, యాభై దాటిన మనిషి.

"దీని కోసమా అబ్బీ, నాతో నూటయాభై జిలేబీలు చుట్టించింది?" అన్నాడు.

"ఇదేనన్నా. ఊపిరి బిగబట్టి సూడు."

వలీ వంగి నన్ను ఈ చివర నుంచి ఆ చివర దాకా చూశాడు. అంకెలు చదవడం అలవాటు లేని కళ్ళు కాబట్టి అంకెలున్నచోటే ఆగలేదు.

"అంచు ఈడుంది సరే. మరి ఆ కొసాన ఇంకో ఎర్ర చుక్క ఏంది? దీనికి కూడా చెమట పడుతుందా?"

సింహాద్రి తానూ వంగాడు. టార్చి వేశాడు. నా గొట్టం పై కొసన, ఎవరూ చూడనిచోట, మెతుకంత స్పిరిట్ అతుక్కుని ఉంది. అది ఆవిరై పైకి పోయి అక్కడ చల్లబడి చుక్కగా మారి ఉండిపోయింది. ఆ మేరకు నా స్పిరిట్ తగ్గింది, ఆ మేరకు నేను చలి ఎక్కువని చెబుతున్నాను. నాకు తెలిసి చేసింది కాదు. నా కడుపులో ఏముందో నాకు కనిపించదు.

నన్ను వంచి చదివాడు. పాదరసం మైనస్ ఇరవై ఎనిమిది. నేను మైనస్ ముప్ఫై పాయింట్ నాలుగు.

"ఏటయింది?" అని తనలో తనే అన్నాడు. తర్వాత వలీతో, "అన్నా, రికార్డు లేదు," అన్నాడు.

"లేకుంటే ఏమాయె? బాగుచెయ్యలేవా?"

"రెండు దెబ్బలు కొడితే ఆ చుక్క దిగిపోద్ది. ఎవడికీ తెలీదు."

వలీ మీసం మీది మంచు దులుపుకున్నాడు. "నేను వంటోణ్ణి, నన్నడగొద్దు. ఉప్పెక్కువైన కూర పెట్టి బాగుందనిపించుకునే పని నావల్ల కాదు. ముందు లోపలికి పద, కాళ్ళు పీక్కుపోతాండాయి."

సింహాద్రి నన్ను కొట్టలేదు. కొస మీది చుక్క కదలకుండా కోటులో అడ్డంగా పెట్టుకుని లోపలికి తెచ్చి, రిజిస్టరు పక్కన బల్ల మీద ఉంచాడు. పేజీలు వెనక్కి తిప్పాడు. నేనూ మొదటిసారి నా సంగతి అక్కడే చదువుకున్నాను. జూలై పది దాకా నా రెండో అంకె, పాదరసం అంకె ఎప్పుడూ అచ్చంగా కలవలేదు. పదో వంతో, రెండు పదో వంతులో తేడా ఉండేది. నిజంగా చూసి రాసినవి అలాగే ఉంటాయి. పదకొండు నుంచి ఇరవై మూడు రోజులు రెండు వరుసలూ దశాంశంతో సహా కవలపిల్లల్లా ఉన్నాయి. ఏ రోజు చుక్క పైకెక్కిందో కనిపెట్టే ఒకే ఒక్క దారిని అతని చెయ్యే మూసేసింది.

అతను రిజిస్టరు మూశాడు. లేచి, నన్నూ రిజిస్టరునూ తీసుకుని కేంద్రం నాయకుడి గదికి వెళ్ళాడు. నాయకుడు దేవ్‌ధర్ గారు పెద్ద చదువు చదివిన భూగర్భ శాస్త్రవేత్త. ఆయన రికార్డు వార్త ఢిల్లీకి పంపి, అభినందనలు అందుకుని, భోజనాల గదిలో బోర్డు రాయించి ఐదు రోజులే అయింది. వాళ్ళిద్దరూ హిందీలో మాట్లాడుకున్నారు.

"రెండు పాయింట్ నాలుగు తేడా అంటున్నావు. ఇరవై మూడు రోజులకీ అంతే కలిపేస్తే సరిపోతుంది కదా?"

"చాలదు సార్. మొదటి రోజు ఎంత తేడా ఉందో తెలీదు. అసలు తేడా ఉందో లేదో తెలీదు. నేను చూడలేదు."

"వేళ్ళు కమిలాయని రాద్దాం."

"వేళ్ళు కమిలాయి, నిజమే. కానీ చూసినట్టు రాసింది నేను."

దేవ్‌ధర్ గారు కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకున్నారు. కోప్పడతారని సింహాద్రి నిలబడ్డాడు. ఆయన స్కేలు, పెన్ను అందించి, "నువ్వే కొట్టెయ్," అన్నారు.

మా పుస్తకాల్లో తప్పును చెరపకూడదు. కింది అంకె కనబడేలా ఒక్క గీత గీయాలి. సింహాద్రి ఇరవై మూడు గీతలు గీశాడు. కమిలిన వేళ్ళతో ఒక్కోదానికీ స్కేలు సరిచేసుకుంటూ గీశాడు. పక్కన "పరికరంలో లోపం; పరిశీలకుడు సరిచూడలేదు" అని రాసి సంతకం పెట్టాడు. రికార్డు తప్పని ఢిల్లీకి వెళ్ళిన సందేశానికి "అందింది" అని ఒక్క మాట జవాబొచ్చింది. చలి రికార్డు వేసిన పత్రికల్లో ఏదీ సవరణ వేయలేదని వలీ విసుక్కోవడం విన్నాను.

నా స్థానంలో కొత్తది వెళ్ళింది. నన్ను ఓడలో వెనక్కి పంపారు. ఇప్పుడు విశాఖపట్నంలో ఒక ఆఫీసు సొరుగులో, "వాడరాదు" అన్న చీటీతో పడుకుని ఉన్నాను. ఇక్కడ తీరిక చాలా ఉంది. అప్పుడప్పుడు జూలై ఇరవై ఎనిమిది గురించే ఆలోచిస్తాను. నేను చెప్పింది తప్పయి ఉండొచ్చు. లేదా ఆ పూటకి చుక్క ఇంకా ఎక్కి ఉండకపోవచ్చు, అప్పుడు రికార్డు నిజమే. పుస్తకంలో ఒక గీత ఉంది, గీత కింద ఒక అంకె ఉంది. ఆ మంచు మైదానం మీద ఆ రోజు ఎంత చలి వేసిందో సింహాద్రికి తెలియదు, నాకూ తెలియదు, ఇక ఎవరికీ తెలిసే వీలు లేదు.