చల్లారేదాకా పారబోయకండి

మా కోడలి పరిశోధనంతా ఒక్క ప్రశ్న మీదే. నీళ్లలో పాలిమర్ కరిగించి వేడి చేస్తే, ఆ రెండూ ఎంత వేడి దాకా కలిసి ఉంటాయి, ఎక్కడ విడిపోతాయి? అది సమీకరణంతో ముందే చెప్పాలి. పాలిమర్ అంటే గొలుసుల్లాంటి పొడవాటి అణువులట. మా ఆడపడుచుల్లాగే చల్లగా ఉన్నంతసేపూ కలిసిమెలిసి, వేడి పుట్టగానే ఎవరి మూల వాళ్లది.

ఇది ఆమె గైడుకు మింగుడుపడలేదు. దేన్నయినా తిన్నని గీతలోకి లాక్కొస్తాడని విద్యార్థులు ఆయన్ని తిన్నగీత సారు అంటారు. వేడి పెరిగేకొద్దీ నీటికీ గొలుసుకీ పొత్తు పెరగాల్సిందేనని ఆయన సమీకరణం. వేడి మితిమీరితే ఆ పొత్తు చెడుతుందని కోడలు ఆ సమీకరణానికి ఇంకో పదం తగిలించింది. అది తీసేస్తేనే థీసిస్ మీద సంతకం అన్నాడాయన. సంతకం లేనిదే పట్టా లేదు. పట్టా లేనిదే రంగుల కంపెనీ ఉద్యోగం లేదు.

ఆ రోజు పాలకు ఏడుస్తున్న మనవరాల్ని భుజాన వేసుకుని నేను ల్యాబుకు వెళ్లేసరికి ఇద్దరూ వేడినీళ్ల తొట్టి ముందు వాదించుకుంటున్నారు. తొట్టిలో మూత బిగించిన గాజుగొట్టం. అందులోది నా కళ్ల ముందే పాలలా తెల్లబడింది.

"చూశారా సార్, నా లెక్క చెప్పిన వేడి దగ్గరే విడిపోయింది."

"పాడైపోయిందమ్మా. నా సర్వీసులో ఇలాంటివి బకెట్లకొద్దీ పారబోయించాను."

"పారబోసి?"

"మిగిలినవాటితో గీత గీశాను. ఎంత తిన్నగా వచ్చిందనుకున్నావ్!"

"రాదా మరి! గిట్టని చుట్టాల్ని గెంటేసి, మా ఇంట్లో గొడవల్లేవన్నట్టుంది."

ఆయన మూతి ముడుచుకుని, చేతిరుమాలుతో గొట్టం పట్టుకుని సింకు వైపు కదిలాడు. సరిగ్గా అప్పుడే పాప గొంతు పెంచింది.

"ఆగండి సార్! పాపకి పాలిచ్చి వస్తా, అందాకా పట్టుకోండి. అత్తయ్యా, ఆయన సింకు దగ్గరికెళ్తే కేకెయ్యండి."

కోడలు పక్క గదిలోకి వెళ్లింది. కేకెందుకని, నేను సింకుకు అడ్డంగా స్టూలు వేసుకుని కూర్చున్నాను.

"అమ్మగారూ, కాస్త జరుగుతారా?"

"కూర్చుంటే లేవలేను బాబూ."

మా పాప తీరిగ్గా తాగే రకం. ఆయన గొట్టం పట్టుకుని నిలబడ్డాడు. కాసేపటికి అందులోని తెలుపు పలచబడింది. ఇంకాసేపటికి గాజు వెనక ఆయన వేళ్లే కనబడ్డాయి. గబగబా తీసుకెళ్లి తొట్టిలో ముంచాడు, తెల్లబడింది. తీసి ఊదుకుంటూ నిలబడ్డాడు, తేటపడింది. మళ్లీ ముంచాడు. ఆటబొమ్మ దొరికిన పిల్లాడు నయం.

కోడలు పాపతో తిరిగొచ్చింది. "పాడైందా సార్?"

"పాడైన పాలు మళ్లీ పాలవవు కదమ్మా," అన్నాడు గొట్టం మీంచి కళ్లు తిప్పకుండా. "ఏనాడూ చల్లారనివ్వలేదు నేను."

థీసిస్ ముందుకు లాక్కున్నాడు. కలం తీసి ఆగాడు.

"ఆ కొత్త పదానికి నా పేరు పెడితే ఎలా ఉంటుందంటావ్?"

"ముందు సంతకం కానివ్వండి సార్. పాపకే ఇంకా పేరు పెట్టలేదు."

సంతకం పెట్టాడు.