అమ్మను లేపిన రోజు

ఎడమ మోచేతి మడతలో సన్నని సూది దించి, మందంతా లోపలికి వెళ్ళేదాకా ఊపిరి కూడా నెమ్మదిగానే తీశాడు గడియారాల మేస్త్రి. రక్తం గడ్డకట్టించే మందు అది. గాయమైతే రక్తం ఆగని హీమోఫీలియా జబ్బుతో పుట్టిన ఒంటికి అది పడనిదే వ్యాయామం లేదు. సూది తీసి, దూది నొక్కిపట్టి, కాసేపు కదలకుండా కూర్చున్నాడు.

యాభై ఒక్క ఏళ్ళుగా అతన్ని అందరూ గాజుబొమ్మలాగే చూశారు. పన్నెండో ఏట మోకాలిలో రక్తం చేరి బుడ్డలా వాస్తే, అమ్మ వీపున వేసుకుని ఆసుపత్రి మెట్లెక్కింది. ఆ తర్వాత బిందె ఎత్తనివ్వలేదు, కుర్చీ జరపనివ్వలేదు. వాడని కాళ్ళు పుల్లలయ్యాయి. భూతద్దం ముందు, చిన్న చిన్న పళ్ళచక్రాల మధ్య, కూర్చునే బతుకు వెళ్ళదీశాడు.

ఇప్పుడు అమ్మే మంచం పట్టింది. ఆమెను లేపి కూర్చోబెట్టాలంటే చెల్లెలే దిక్కు.

ఆసుపత్రిలో వ్యాయామం నేర్పే అమ్మాయి ముందుగా అతని మోకాళ్ళు తడిమి చూసింది.

"వెచ్చగా లేవు, వాపూ లేదు. మొదలెడదాం. బరువుతో పంతం మాత్రం వద్దు బాబాయ్. కీలు జివ్వుమన్నా ఆగిపోవాలి."

తొమ్మిది నెలల కిందట అరకిలో ఇసుక సంచీతో మొదలైంది. ఇవాళ చేతులు ఆనించకుండా కుర్చీలోంచి పదిసార్లు లేచాడు. తొడ మీద చెయ్యి వేసుకున్నాడు. లోపల కండ గట్టిగా, ఎవరిదో అన్నట్టు కదిలింది.

"ఇది నాదేనా తల్లీ?"

"అద్దెకు తెచ్చామనుకున్నారా!" నవ్విందామె.

మధ్యాహ్నం ఇంటికొచ్చేసరికి చెల్లెలు బజారుకెళ్ళింది. అమ్మ దాహమంది. నేర్చుకున్నట్టే మంచానికి దగ్గరగా నిలబడి, పాదాలు ఎడంగా పెట్టి, మోకాళ్ళు వంచి, ఆమె వీపు కింద చెయ్యి పోనిచ్చాడు.

"ఒరేయ్, వద్దురా! మోకాలు..."

"ఏం కాదే. నా మెడ పట్టుకో."

కుదుపు లేకుండా లేపాడు. ఆమె కూర్చుంది. ఎండిన వేళ్ళతో కొడుకు జబ్బను మళ్ళీ మళ్ళీ తడిమింది.

"ఎంత గట్టిపడ్డావురా!"

అమ్మ బరువంతా అతని చేతి మీద ఉంది. చెయ్యి వణకలేదు. కొండనెత్తినా అంత విస్తుపోయేవాడు కాదు.

అతను అందించిన చెంబులోంచి రెండు గుక్కలు తాగి, అతని భుజానికి తల ఆనించిందామె. నిద్రపట్టిందనుకున్నాడు. చెల్లెలు వచ్చి, అమ్మ ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేదాకా ఆ చెయ్యి తియ్యనేలేదు.

మర్నాడు, అమ్మను సాగనంపి వచ్చాక, ఆమె దిండు గలీబు విప్పుతుంటే లోపల్నుంచి పాతగుడ్డలో దూది కూరి కుట్టిన మోకాలి తొడుగొకటి జారింది. చిన్నపిల్లవాడి కొలత. అంచున ఆమె పంటితో కొరికిన దారం ఇంకా వేలాడుతోంది.