నడిమిగోడ బల్బు

హనుమంతునిపాడు పక్కన ఊళ్ళలో మాట్లాడుకోకుండా బతకడం చిన్న పనేం కాదు. వాన పడకపోతే మాట్లాడుకోవాలి, పడితే మాట్లాడుకోవాలి, కంది పూత రాలిపోతే మరీ గట్టిగా మాట్లాడుకోవాలి. అలాంటిచోట మాలకొండమ్మ, ఆమె తోడికోడలు రమణి ఒకే కప్పు కింద ఉంటూ, రెండేళ్ళుగా ఒక్క పలకరింపు కూడా లేకుండా నెట్టుకొస్తున్నారంటే వాళ్ళ పట్టుదలకు దండం పెట్టాల్సిందే.

కారణం జున్ను. మాలకొండమ్మ గేదె ఈనినప్పుడు గిన్నెడు జున్ను పంపితే, రమణి ఆ గిన్నెను తళతళా తోమి ఖాళీగా తిప్పి పంపింది. తిరిగిచ్చే గిన్నెలో నాలుగు మిరపకాయలైనా వేసి పంపాలని పసిపిల్లలకు కూడా తెలుసు. వీధంతా పంచాక తను గుర్తొచ్చిందా అని రమణి మంట. ఖాళీ గిన్నె నా మొహాన కొడుతుందా అని మాలకొండమ్మ మంట. వీళ్ళ మొగుళ్ళు రామసుబ్బయ్య, వెంకటకృష్ణ అన్నదమ్ములు. వాళ్ళు మాత్రం రోజూ ఒకే బీడీ కట్ట పంచుకుంటూ చేనికి పోయి వస్తూనే ఉన్నారు.

ఇల్లు పంచుకున్నప్పుడు పెద్దగది మధ్యలో పలకరాళ్ళతో, మట్టితో గోడ లేపారు. దూలానికి సరిగ్గా నడుమ ఒక గుండు బల్బు వేలాడుతోంది. వైరు మార్చే ఓపిక ఎవరికీ లేక, మేస్త్రి ఆ బల్బు చుట్టూ మూరెడు బొక్క వదిలి గోడ కట్టేశాడు. బల్బు ఆ బొక్కలో కూర్చుని ఇటు సగం, అటు సగం వెలుగు పంచేది. మిగతా గదుల్లో ఎవరి దీపాలు వాళ్ళవే, ఇదొక్కటే ఉమ్మడి. స్విచ్చి మాత్రం మాలకొండమ్మ వాటాకు వచ్చింది.

అందుకని రమణికి వెలుగు కావాలంటే గోడ మీద గరిటెతో కొట్టాలి. ఒక దెబ్బ వెయ్యమని, రెండు దెబ్బలు ఆర్పమని. "మహారాణికి ఇప్పుడు గుర్తొచ్చిందమ్మా దీపం!" అని గొణుగుతూ మాలకొండమ్మ స్విచ్చి వేసేది. నిజం చెప్పాలంటే ఆ చప్పుడు వినకపోతే ఆమెకు ముద్ద దిగేది కాదు. ఒకసారి రమణి దర్శిలో పుట్టింటికి పోయింది. ఆ సాయంత్రం మాలకొండమ్మ గేదెను తిట్టింది, మొగుణ్ణి తిట్టింది, చివరికి ఎవరూ చూడకుండా తనే గరిటె తీసుకుని గోడ మీద ఒక దెబ్బ కొట్టి, లేచి స్విచ్చి వేసుకుంది. ఈ సంగతి రామసుబ్బయ్యకు తెలియదు. మీరూ చెప్పకండి.

ఇట్లా సుఖంగా సాగుతుండగా ఒకరోజు చీకటి పడే వేళకు లైన్‌మన్ పవన్ కుమార్ అట్టపెట్టె నెత్తిన పెట్టుకుని దిగాడు.

"పెద్దమ్మా, కొత్త రూలొచ్చింది. గుండు బల్బు కరెంటు ఎక్కువ తాగతాదంట, ఏ ఇంట్లోనూ ఉండగూడదంట. పాతది నాకిచ్చి, ఎల్లీడీది తీసుకోవాల."

"అది కరెంటు ఎక్కువ తాగతాందని నీకు చెప్పిందా?"

"నాకు కాదు పెద్దమ్మా, గవర్నమెంటుకు చెప్పింది" అంటూ అతను స్టూలెక్కి గుండు బల్బు ఊడదీసి, తెల్లటి తొమ్మిది వాట్ల కొత్తది బిగించాడు.

మాలకొండమ్మ స్విచ్చి వేసింది. గదిలో మొహాలు కూడా సరిగా కనబడలేదు. బొక్క అడుగున పరిచిన పలకరాయి మీద మాత్రం ఒక బల్లి, పెళ్ళిపందిట్లో కూర్చున్నట్టు, తోకతో సహా వెలిగిపోతోంది.

"ఇది కిందికే కొడతాది పెద్దమ్మా" అని పవన్ కుమార్ బుర్ర గోక్కున్నాడు. "పాతదైతే అన్ని పక్కలకూ పంచేది."

"అయితే ఆ తొమ్మిది వాట్లూ మీ గవర్నమెంటోళ్ళు బల్లికి రాసిచ్చినారా?"

అతను పోగానే మాలకొండమ్మ వైరుకు పురికొస కట్టి బల్బు మొహం తనవైపు లాక్కుంది. ఇంట్లో పట్టపగలైంది. అన్నం గిన్నె దించేలోపు అవతలి నుంచి చీపురుకట్ట ఒకటి వచ్చి వైరును కొక్కెం వేసి పట్టుకుంది. దాని వెనకే ఇంకో పురికొస. పగలు రమణి ఇంటికి పోయింది. మాలకొండమ్మ లాగింది, రమణి లాగింది. బల్బు బొక్కలో ఊగులాడింది, నీడలు గోడలెక్కి గంతులేశాయి.

"ముద్ద కనపడినప్పుడు నోరు కనపళ్ళా, నోరు కనపడినప్పుడు ముద్ద కనపళ్ళా!" అని రామసుబ్బయ్య కంచం ముందు కూర్చుని కేకలు పెట్టాడు. పప్పన్నం అతని మీసాలకు అంటింది. మాలకొండమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. అవతల కూడా ఎవరో కిసుక్కున నవ్వి, దాన్ని గబుక్కున దగ్గు చేసేశారు. ఆ రాత్రి మాలకొండమ్మ ఎంతో ఆనందంగా పడుకుంది.

కానీ మగవాళ్ళకు ఆకలి ముఖ్యం. పొద్దున్నే వెంకటకృష్ణ మార్కాపురం పోయి ఇంకో బల్బు, స్విచ్చీ తెచ్చాడు. "వదినా, ఇంక ఎవరి బల్బు వాళ్ళకు, ఎవరి స్విచ్చి వాళ్ళకు. బొక్క మూసేస్తాన్నాం" అని చల్లగా చెప్పాడు.

మాలకొండమ్మ సాకులు వెతికింది. గాలి ఆడదంది. మట్టి పచ్చి మీద తేళ్ళొస్తాయంది. బల్లి ఉసురు తగుల్తాదంది.

"బల్లికి వేరే ఇల్లు చూస్తాంలేవే" అన్నాడు రామసుబ్బయ్య.

అసలు మాట ఆమె నోటికి రాలేదు. అటూ ఒక స్విచ్చి వస్తే గరిటె ఇక గోడను తాకదు. ఆ గోడకు ఇవతల తనొక మనిషి ఉందని రమణికి గుర్తొచ్చే అవసరమే ఉండదు. స్విచ్చి వస్తోందని ఆమె ఎగిరి గంతేస్తూ ఉంటుంది కూడా. ఇంత సంబరానికి తనెందుకు అడ్డం పడాలి అనుకుని మాలకొండమ్మ నోరు మూసుకుని పీట మీద కూలబడింది.

పవన్ కుమార్ ఉమ్మడి బల్బును ప్రస్తుతానికి దూలానికి ఎత్తి కట్టి, వైర్లు లాగాడు. వెంకటకృష్ణ మట్టి తొక్కి అందిస్తుంటే, రామసుబ్బయ్య స్టూలెక్కి బొక్కలో రాళ్ళు పేర్చసాగాడు. ఒక్కో రాయీ కూర్చుంటుంటే మాలకొండమ్మ కొంగుతో కళ్ళొత్తుకుంది. దుమ్మని చెప్పింది. ఇంకొక్క రాయికి సందు మిగిలింది.

"అక్కా!"

రామసుబ్బయ్య చేతిలోంచి రాయి జారింది. అది రమణి గొంతు. రెండేళ్ళ తర్వాత విన్నా మాలకొండమ్మ ఇట్టే పోల్చుకుంది.

"నోరు పడిపోయిందా నీకు? కళ్ళ ముందర మూసేస్తా ఉంటే రుబ్బురోట్లో పొత్రం మాదిరి కూచోని చూస్తాండావా? రేపటి నుంచి నేను ఎవరి గోడ కొట్టాల?"

మాలకొండమ్మ పీట తన్నేసి లేచింది. "నీకు లేదా నోరు? స్విచ్చొచ్చిందని గంతులేస్తాంటావనుకున్నా!"

"నాకెందుకా స్విచ్చి? నెత్తిన పెట్టుకోనా? మా అమ్మింట్లో గోడ నిండా ఉన్నాయి స్విచ్చులు!"

"మరి పొద్దుటి నుంచీ చెప్పవే?"

"నువ్వు చెప్తావని!"

మాలకొండమ్మకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఏది ముందు బయటపడాలో తెలియక ఆమె మొగుడి మీద పడింది.

"దిగయ్యా కిందికి! ఆ రాళ్ళు పీకు!"

"ఇప్పుడే గదే పెట్టింది!"

"పీకమంటినా లేదా? ఏం పవనూ, వెలుగు కిందికి కొడతాదంటివే. మరి గోడను కిందికి తగ్గిస్తే రెండిళ్ళకూ పడతాదా, పడదా?"

పవన్ కుమార్ బల్బు కేసి, గోడ కేసి చూశాడు. "పడతాది పెద్దమ్మా. ఒక మూర తగ్గిస్తే సాలు."

గడ్డపార మూలనే ఉంది. మాలకొండమ్మ దాన్ని అందుకుంది. అవతల రమణి రోకలి ఎత్తినట్టుంది, అటునుంచి కూడా దెబ్బలు మొదలయ్యాయి. పలకరాళ్ళు పెళపెళ రాలాయి. దుమ్ము సర్దుకునేసరికి బల్బు కింద రమణి మొహం కనబడింది. ముక్కు మీద మట్టి, చెంపల దగ్గర నెరిసిన వెంట్రుకలు. అవి ఎప్పుడు నెరిశాయో మాలకొండమ్మకు తెలియదు. తన కన్నీళ్ళు దాచుకోకుండా ఆమె వైపు చూస్తూ నిలబడింది. వెలుగు రెండు గదుల్లోనూ సమంగా పరుచుకుంది.

"సాలు, సాలు! ఇంక ఆపండి, బల్బుకు ఇంత సాలు!" అని అన్నదమ్ములిద్దరూ అరిచారు.

"బల్బుకు సాలు" అంది మాలకొండమ్మ, గడ్డపార మళ్ళీ ఎత్తుతూ. "మాకు సాలలా."

రమణి రోకలితో గోడ మీద ఇంకో దెబ్బ వేసింది.