ఆరో మంచానికి తడిగుడ్డ

ఆరో మంచం మీదున్న మా అమ్మమ్మ తుంటికి ఆపరేషన్ అయిన పదకొండో రోజు ఆమె పుండులో మొండి క్రిమి ఉందని తేలింది. మామూలు మందులకు చావదట. అంతకుముందే మేము పిన్నీ అని పిలిచే రెండో మంచం ఆవిడకూ, నాలుగో మంచం ముసలమ్మకూ అదే వచ్చింది. ముగ్గురినీ పక్క గదిలోకి మార్చారు.

అమ్మ ఆ వార్డులోనే ఆయా. అన్ని మంచాల దగ్గరికీ వెళ్లేది ఆమే కనుక అందరి చూపూ అమ్మ చేతుల మీద పడింది.

"ఆయమ్మా, నీ చేతుల పరీక్ష తేలేదాకా వార్డులోకి రాకు. క్రిమి ఉంటే పని మానెయ్యాల్సిందే," అంది, క్రిమి ఎక్కడిదో వెతుకుతున్న సిస్టర్.

"కడిగి కడిగి నా చేతుల్లో గీతలే అరిగిపోయాయి సిస్టర్. ఇంక దానికి చోటెక్కడ?"

సిస్టర్ నవ్వలేదు. ముగ్గురూ వాడిన వస్తువేదైనా ఉందా అని అందరినీ అడుగుతూ నా దాకా వచ్చింది. 

"దాన్నడక్కమ్మా, నాకు తగ్గేదాకా మాట్లాడనని మూగనోము పట్టింది," అంది అమ్మమ్మ.

సాయంత్రం నా డైరీ తిరగేశాను. "పిన్నికి ఎవరూ రాలేదు. తడిగుడ్డతో కట్టు అంచుల దాకా తుడిచాను." ఇంకో పేజీలో ముసలమ్మ. ప్రతి పేజీలోనూ అమ్మమ్మ. నోరు విప్పకుండా నేను చేయగలిగిన సాయం అదే. "మూల సింకులో గుడ్డ తడిపాను. కుళాయి నీళ్లు మురుగు గొట్టం చిల్లుల మీద పడి పైకి చిందాయి."

ముగ్గురినీ తాకిన వస్తువు నా గుడ్డే. చెప్పకపోతే అమ్మ పని పోతుంది. చెబితే, ఇదంతా నా వల్లేనని అమ్మమ్మకు తెలుస్తుంది.

పొద్దున్నే డైరీ తెరిచి సిస్టర్ ముందు పెట్టాను. "ఈ సిస్టర్ కన్నా మా లెక్కల టీచరే నయం" అని అదే పేజీలో రాసిన సంగతి అప్పుడు గుర్తొచ్చింది.

"మీ లెక్కల టీచర్ అంత కోపిష్టా?" అని సిస్టర్ మొదటిసారి నవ్వింది.

దూదిపుల్లతో గొట్టంలోని మురికి తీసి పరీక్షకు పంపింది. మూడు రోజులకు తేలింది, అదే క్రిమి. అమ్మ చేతుల్లో ఏమీ లేదు. సింకు మూసేశారు.

"గొట్టంలో నక్కినదాన్ని ఇన్నాళ్లూ మేమే చూడలేదు. నువ్వేం చేస్తావు?" అంది సిస్టర్.

వేరే మందుతో అమ్మమ్మకు జ్వరం దిగింది. దగ్గరికెళ్లి నేనే చెప్పాను. "అమ్మమ్మా, నా గుడ్డ వల్లే."

"ఇన్నాళ్లకు నోరు విప్పి ఇదా చెప్పేది? మెడంతా చెమట, తుడువు."

నేను కదల్లేదు. అమ్మ కాచిన నీళ్ల గిన్నె, కొత్త గుడ్డ తెచ్చి నా పక్కన పెట్టింది.

"ముందు చేతులు," అంది.

కడుక్కున్నాను.