తిథులు చూసే కంప్యూటరు

ఇరవై ఏడేళ్లు నేను చేసిన ఉద్యోగం ఒక్కటే. జనం వాడుతున్న కంప్యూటర్లలోంచి పాత సిస్టమ్ పీకేసి కొత్తది పెట్టడం. మెల్‌బోర్న్‌లో ఒక పెద్ద ఇన్సూరెన్స్ ఆఫీసు, నాలుగు వేల మంది. పాతదే బాగుందని మొత్తుకున్న ప్రతివాడికీ నా దగ్గర ఒకే జవాబు ఉండేది: "అలవాటైపోతుంది." రిటైరయ్యాక ఆ మాట మా ఇంట్లో కూడా అన్నాను.

మా ఆవిడ వసుంధర మా పేట పాయింట్ కుక్‌లో అందరికీ పంచాంగం ఆంటీ. కాకినాడలో లెక్కల టీచరుగా చేసి వచ్చిన మనిషి. ఇక్కడ మనవాళ్లకి ఒక తిప్పలుంది. ఇండియా నుంచి తెచ్చుకున్న గోడ క్యాలెండర్‌లో తిథులు అక్కడి గడియారానికి ఉంటాయి. మనం వాళ్లకంటే నాలుగున్నర గంటలు ముందు, వేసవిలో గడియారాలు గంట ముందుకి జరుపుతారు కాబట్టి అయిదున్నర. అక్కడ పొద్దున్నే వచ్చే తిథి ఇక్కడ మధ్యాహ్నానికి గాని రాదు. దాంతో పండగైనా తద్దినమైనా ఒక్కోసారి రోజే మారిపోతుంది. ఊరి పేరు ఇస్తే తిథి ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగుస్తుందో నిమిషాలతో చెప్పే పాత ప్రోగ్రామ్ ఒకటి వసుంధర దగ్గర ఉండేది. దాంతో నెలనెలా పట్టిక వేసి అరవై కుటుంబాలకి పంపేది. ఫోన్ చేసినవాళ్లని "ఎవరి తద్దినం నాయనా? ఏ మాసం, ఏ పక్షం?" అని అడిగి, కాగితం మీద రాసుకుని, తారీఖు చెప్పేది. చివర్లో ఒక మాట తప్పకుండా అనేది. "మీ ఆవిడకి ముందే చెప్పు. పాపం, సెలవు పెట్టుకోవాలి కదా."

ఆ ప్రోగ్రామ్ విండోస్ ఎక్స్‌పీ అనే పాత సిస్టమ్ మీద తప్ప నడవదు. అందుకని మా ఇంట్లో ఎక్స్‌పీ కంప్యూటరు పాతికేళ్ల పిల్లి లాగా మూలుగుతూ బతికింది. తెర మీద పచ్చటి కొండ, నీలం ఆకాశం. బటన్ నొక్కితే తెరుచుకోవడానికి నాలుగు నిమిషాలు పట్టేది. వసుంధర నొక్కి వెళ్లి దేవుడి దగ్గర దీపం పెట్టుకుని వచ్చేది. వచ్చేసరికి కొండ కనబడేది.

"మ్యూజియం వాళ్లు అడుగుతున్నారు, ఇచ్చేయమంటావా?" అని ఏడిపించేవాణ్ణి.

"మీకు కొత్తొక వింత, పాతొక రోత. నన్నెలా ఉంచుకున్నారో ఇన్నేళ్లు," అనేది.

మూడేళ్ల కింద వసుంధరకి మతిమరుపు జబ్బని తేలింది. డాక్టరు నన్ను పక్కకి పిలిచి, ఇంట్లో వస్తువులు జరపవద్దని మరీ మరీ చెప్పాడు. జ్ఞాపకం పోయినా చేతులకి చాలాకాలం గుర్తుంటుందట. నేను అక్షరాలా పాటించాను. పంచదార డబ్బా ఉన్నచోటే ఉంది. సోఫా జరపలేదు. సొరుగులకి పేర్లు అంటించాను. వారం పేరు మర్చిపోయేది గానీ, పొద్దున కంప్యూటరు ముందు కూర్చుని లేచిందంటే ఆ రోజు తిథి మాత్రం తడుముకోకుండా చెప్పేది.

కంప్యూటరు కూడా ఇంట్లో వస్తువే అని నాకు తట్టలేదు. ఇరవై ఏడేళ్ల అనుభవం ఉన్నవాణ్ణి కదా.

కిందటి ఏడాది ఎవరో పెద్దావిడ కంప్యూటర్లో దొంగలు దూరారని వార్త చదివాను. ఎక్స్‌పీకి రక్షణ ఆగిపోయి పదేళ్లు దాటింది. ఇంట్లో అంత బొక్క పెట్టుకుని పడుకోవడం నా వృత్తికే అవమానం అనిపించింది. కొత్త కంప్యూటరు తెచ్చాను. కుటుంబాల జాబితా, పాత పట్టికలు అందులోకి ఎక్కించాను. తిథులకి ఒక మంచి వెబ్‌సైటు చూసి పెట్టాను. పాతదాని హార్డ్ డిస్కుకి, ఆఫీసులో చేసినట్టే, డ్రిల్లుతో మూడు బెజ్జాలు పెట్టి, ఇంటి ముందు గడ్డి మీద, పాత సామాన్లు పారేసే హార్డ్ రబ్బిష్ కుప్పలో పడేశాను. కౌన్సిల్ లారీ వచ్చి ఎత్తుకుపోయింది.

కొత్తది ఎనిమిది సెకన్లలో తెరుచుకుంది. వసుంధర దీపం పెట్టడానికి లేవబోయి ఆగింది.

"ఇదేంటండీ, అప్పుడే వచ్చేసింది?" అంది. చేయి అలవాటుగా తెర ఎడమ మూలకి పోయింది. అక్కడేమీ లేదు. స్టార్ట్ బటన్ ఇప్పుడు మధ్యలో ఉంటుంది.

"అలవాటైపోతుంది," అన్నాను.

అన్యాయంగా మాట్లాడకూడదు. కొత్తది ఒక్కసారి కూడా ఆగిపోలేదు. పాతది వారానికోసారి బిగుసుకుపోయేది, తీగ పీకి మళ్లీ పెట్టేవాళ్లం. ఏ లెక్కన చూసినా కొత్తదే నమ్మదగింది, ఆఫీసులో అయితే చార్టులు గీసి చూపించేవాణ్ణి. కానీ అప్‌డేట్ వచ్చినప్పుడల్లా ఏదో ఒకటి చోటు మారేది, ఏదో కొత్త పెట్టె లేచి ప్రశ్న అడిగేది. పాతది పదిహేడేళ్లు పెట్టినవి పెట్టినచోటే ఉంచింది. వసుంధరకి నమ్మకమంటే అది.

ఆమె ఫిర్యాదు చెయ్యలేదు. రోజూ పొద్దున గంటసేపు దాని ముందు కూర్చునేది. నేను పేపరు చదువుకుంటూ, పని సాగుతోందనుకున్నాను. చేతులు ఒళ్లో పెట్టుకుని ఊరికే కూర్చుంటోందని చూడలేదు.

రెండు నెలలకి, ఒక శనివారం, పక్క పేట ట్రుగనీనా నుంచి హేమచంద్ర వచ్చాడు. బ్యాంకులో పనిచేసే కుర్రాడు, అంతకుముందే వసుంధరకి ఫోన్ చేసి వాళ్ల నాన్న తద్దినం తారీఖు అడిగి ఉన్నాడు. లోపలికి రమ్మంటే రాకుండా గుమ్మం దగ్గరే నిలబడ్డాడు.

"అంకుల్, ఆంటీకి చెప్పొద్దు ప్లీజ్. మా ప్రీస్ట్ గారు చెక్ చేశారు. మేం వన్ డే ముందు చేసేశామంట. ఆంటీ ఇండియా క్యాలెండర్ డేటే ఇచ్చినట్టున్నారు. ఇట్స్ ఓకే, మళ్లీ చేస్తాం. ఎప్పుడూ మిస్టేక్ చెయ్యరు కదా, అందుకే, ఆవిడ బాగున్నారా అని అడుగుదామని."

వెనక దోమల తలుపు చప్పుడైంది. వసుంధర నిలబడి ఉంది.

"నాకు బటన్ దొరకలేదు నాయనా," అంది. "గోడ మీద చూసి చెప్పాను. మీ నాన్న తద్దినం పాడుచేశాను."

హేమచంద్ర ఆమె రెండు చేతులూ పట్టుకుని, అదేం లేదాంటీ, అదేం లేదాంటీ అంటూనే ఉన్నాడు. ఆ సాయంత్రం నాచేత అరవై కుటుంబాలకి మెసేజి పెట్టించింది, ఇకనుంచి పంతులుగారిని అడగమని. నేను టైపు చేస్తుంటే పక్కన నిలబడి చూసింది. నాకు నామీద వచ్చినంత కోపం ఇంతవరకు ఎవరిమీదా రాలేదు.

ఫోన్లు ఆగిపోయాయి. తిథి అడిగితే నవ్వి ఊరుకునేది. దీపం కూడా మానేసింది. వెస్ట్‌మీడ్ ఆసుపత్రిలో డాక్టరుగా ఉన్న మా అమ్మాయి ప్రియ ఫోన్లో అంతా విని, "నాన్నా, జస్ట్ పుట్ ఇట్ బ్యాక్ ద వే ఇట్ వాజ్," అంది.

నాలుగు వేల మందికి కొత్తది పెట్టినవాడికి, ఒక్క మనిషికి పాతది పెట్టడానికి ఆరు నెలలు పట్టింది. కొత్తదాంట్లోనే పాతదాన్ని నడిపి చూపిస్తే, తెరలో ఇంకో తెర చూసి బెదిరిపోయింది. ఆఖరికి జీలాంగ్‌లో ఒకాయన షెడ్డులో అదే మాదిరి కంప్యూటరు దొరికింది. ప్రోగ్రామ్ సీడీ పూజ అలమరలో, పాత పంచాంగాల మధ్య, పసుపు గుడ్డలో చుట్టి ఉంది. అన్నీ ఎక్కించాను. కొండ, ఆకాశం, ప్రతి బొమ్మా దాని చోట పెట్టి, ఆమెని తీసుకొచ్చి కూర్చోబెట్టాను.

బటన్ నొక్కింది. అది మూలుగుతూ మొదలైంది. వసుంధర లేచింది. నేరుగా వెళ్లి వత్తి తడిపి దీపం పెట్టింది. నేను వంటింటి గోడకి ఆనుకుని ఏడ్చాను. తిరిగొచ్చేసరికి కొండ వచ్చింది. చేయి చూడకుండానే ఎడమ మూలకి పోయింది. ప్రోగ్రామ్ తెరిచింది, ఊరు మెల్‌బోర్న్ అని కొట్టింది, కాగితం, పెన్ను దగ్గరికి లాక్కుని నా వైపు తిరిగింది.

"చెప్పండి. ఎవరి తద్దినం?"

ఆటపట్టిస్తోందనుకున్నాను. "మా అమ్మది," అన్నాను. ముప్పై ఏళ్లు ఆ తద్దినానికి ఎవరూ గుర్తుచేయకుండా వంట చేసింది వసుంధరే.

"ఏ మాసం, ఏ పక్షం?"

"మార్గశిరం. బహుళ పంచమి."

వేళ్లు టకటక ఆడాయి. వేసవి గంట కూడా కలిపి, తారీఖు, మొదలు, ముగింపు గుండ్రటి అక్షరాలతో రాసింది. తర్వాత పంతులుగారిని అడిగాను, నిమిషం కూడా తేడా లేదు. కాగితం నా చేతిలో పెట్టి, నా మొహంలోకి మర్యాదగా చూసింది.

"మీ ఆవిడకి ముందే చెప్పండి. పాపం, సెలవు పెట్టుకోవాలి కదా."

"చెప్తానండీ," అన్నాను.